నడక దాచుకున్న రోజులు

నేను ఒక చంకకర్రని. పుట్టుక గొప్పదే, టేకు. తునిలో ఎవరో ఇంటి గుమ్మం చేయించుకుంటే మిగిలిన చెక్కని. కొండలు అనే వడ్రంగి నన్ను పైన రెండు పాయలుగా, కింద ఒక్కటిగా మలిచి, చంక ఆనే చోట పాత చీరగుడ్డ చుట్టి, అడుగున రబ్బరు బిళ్ల కొట్టాడు. నా మొదటి యజమాని పైడిరాజు, కాలు విరిగిన లారీ డ్రైవరు. నాలుగు నెలలు నా మీద బతికాడు. కట్టు విప్పిన రోజున నన్ను అటక మీదకి విసిరేసి వీధంతా మిఠాయి పంచాడు. నన్ను వదిలించుకుంటే మనుషులు పండగ చేసుకుంటారని అప్పుడు తెలిసింది. కష్టం అనిపించలేదు. చంకకర్ర పని అయిపోవడమంటే ఇదేనేమో అనుకున్నాను.

పైడిరాజు భార్య నన్ను అటక దింపి నూకరత్నానికి ఇచ్చాక, ఆ అనుకున్నదంతా తారుమారైంది.

నూకరత్నానికి రెండేళ్లప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. నేను వెళ్లేసరికి ఆవిడకి ఇరవై నాలుగు. తల్లి మంగయ్యమ్మ పొద్దున్నే ఇంటి ముందు దిబ్బరొట్టెలు వేసి అమ్మేది. నూకరత్నం కూర్చుని చట్నీ రుబ్బేది, పొట్లాలు కట్టేది. ఆవిడ పేరు మీద నెలనెలా వికలాంగుల పింఛను వచ్చేది. ఆ ఇంటికి గ్యాసు బండ ఆ డబ్బుతోనే వచ్చేది. బండ దింపిన రోజున నూకరత్నం గొంతు కొంచెం పెరిగేది. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా ఆ రోజే అనేది.

పదకొండేళ్లు అలా గడిచాయి. ఒకసారి ఊళ్లో శిబిరం పెట్టి ఆవిడ కాలికి కొలతలు తీసుకున్నారు. రెండు నెలలకి ఇనప కడ్డీలూ తోలు పట్టీలూ ఉన్న బూటు ఒకటి ఇచ్చారు. దాన్ని క్యాలిపర్ అంటారు. కాలు మడత పడకుండా పట్టుకుంటుంది. వ్యాయామం నేర్పే ఇవాంజలిన్ మేడమ్ వారానికి మూడు రోజులు రమ్మంది. మొదట్లో నూకరత్నం పడింది, తొడ ఒరుసుకుపోయింది, ఈ ఇనుము నాకొద్దంది. మూడో నెలలో ఒక పొద్దున నన్ను నూతి గట్టుకి ఆనించి, పెరడంతా ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. మంగయ్యమ్మ వీధి వైపు పెనం మీద రొట్టె మాడిపోతున్నా పెరటి గుమ్మంలో చూస్తూ నిలబడిపోయింది.

ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజున పక్కింటి చిట్టెమ్మ గోడ మీంచి తొంగి చూసి, "బాగా నడిచేత్తన్నావే. మరి పింఛను తీసేత్తారేమో, చూసుకో," అంది. ఆవిడ చెడ్డది కాదు, నిజంగానే భయపడి చెప్పింది. ఆ రోజు నుంచి మంగయ్యమ్మ వీధి తలుపు గడియ వేసి, పెరటి తడకకి పాత దుప్పటి కట్టి, అప్పుడు కూతుర్ని నడవనిచ్చేది. మనుషులు తాగుడు దాచుకోవడం పైడిరాజు ఇంట్లో చూశాను. నడక దాచుకోవడం ఇక్కడే చూశాను. వీధిలోకి వెళ్లాలంటే క్యాలిపర్ విప్పి మంచం కిందకి తోసి, నన్ను తీసుకునేది. లోపల నడిచే మనిషే బయట కుంటేది. ఈ ఇద్దరిలో నేను ఎవరి కర్రనో నాకు అంతుపట్టేది కాదు.

అప్పుడే ఖాసిం సాహెబు గారు కబురు పెట్టారు. మెయిన్ రోడ్డులో ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉంది. అద్దాల్ని ఫ్రేముకి సరిపడా అరగదీసే మనిషి కావాలి. "చెయ్యి నిలకడగా ఉండాలమ్మా, కాలితో నాకు పని లేదు. నాలుగు మెట్లున్నాయి, అవెక్కితే చాలు," అన్నారు. నూకరత్నం వెళ్లి ఒక పూట మిషను దగ్గర కూర్చుని చూసింది. తిరిగొచ్చేటప్పుడు నా మీద ఆవిడ బరువే తెలియలేదు.

ఇంటికి రాగానే మళ్లీ అదే ప్రశ్న. జీతం తీసుకుంటే పింఛను ఉంటుందా? సచివాలయంలో పింఛన్లు చూసే సన్నిబాబుని అడిగితే, "ఉండొచ్చండి, కానీ నేను చెప్పానని అనకండి," అన్నాడు. ఇవాంజలిన్ మేడమ్ తప్పకుండా ఉంటుందంది. ఆ మాట ఎక్కడ రాసుందో మాత్రం ఆవిడకీ తెలీదు. చిట్టెమ్మ అయితే పింఛను పోయినవాళ్ల పేర్లు ముగ్గురివి చెప్పింది. ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం పోయినా, కాలు మొరాయించినా, పోయిన పింఛను మళ్లీ వస్తుందా అన్నదానికి అసలు ఎవరి దగ్గరా జవాబు లేదు. నూకరత్నం ఖాసిం గారిని వారం గడువు అడిగింది. ఆ వారం ఇంకో వారమైంది.

ఇంతలో కాగితం వచ్చింది. పింఛనుదార్లందరూ జిల్లా ఆసుపత్రికి వచ్చి వైకల్యం మళ్లీ పరీక్ష చేయించుకోవాలట.

"ఆ ఇనుము ముట్టుకోకు. కర్రతో ఎల్లు. కొంచెం వంగి నడు," అంది మంగయ్యమ్మ.

"కొంచెమంటే ఎంతమ్మా?" అని అడిగింది నూకరత్నం. ఎగతాళికి కాదు. ఆవిడకి నిజంగానే తెలీలేదు.

ఆసుపత్రి వరండాలో నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడికొచ్చినవాళ్లంతా ఇంటి దగ్గరకంటే ఎక్కువ కుంటుతున్నారనిపించింది. అబద్ధం అనను. భయం కూడా నడకని మారుస్తుంది. నూకరత్నం ఆ రోజు నా మీద వేసినంత బరువు పదకొండేళ్లలో ఎప్పుడూ వెయ్యలేదు. అందులో కాలిది ఎంతో, గుండెది ఎంతో చెప్పడం నా వల్ల కాలేదు.

డాక్టరు గారు తలెత్తకుండానే, "కర్ర ఒక్కటేనా? ఇంకేమైనా వాడతావా?" అన్నారు.

నూకరత్నం నన్ను నేల మీద ఒకసారి సర్దుకుంది.

"క్యాలిపర్ ఉందండి. ఇంట్లో వదిలేసొచ్చాను."

"ఎందుకు?"

"అదేసుకుంటే బాగానే నడుస్తానండి. మీరు చూస్తే పింఛను పోతుందని మా అమ్మ భయం. నాకూ భయమే. ఇప్పుడు నేను ఎలా నడవాలో మీరే చెప్పండి. అలాగే నడుస్తాను."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. "నడవక్కర్లేదమ్మా. బల్ల మీద పడుకో," అన్నారు. నన్ను గోడకి ఆనించారు. కాలు పైకెత్తమన్నారు, తన చేతిని పాదంతో తొయ్యమన్నారు, రెండు కాళ్లూ టేపుతో కొలిచారు. ఆ కాలు ఆయన చేతిని కదపలేకపోయింది.

"క్యాలిపర్ ఆసరా ఇస్తుంది గానీ కాలికి బలం ఇవ్వదు. కాలిలో ఉన్నదే నేను రాస్తాను. ఆ క్యాలిపర్‌ని ఇంట్లో మూల పడేసి పాడుచేసుకోకు."

"మరి ఉద్యోగంలో చేరితేనో అండీ?"

"ఆ గడి నా కాగితంలో లేదమ్మా," అని ఆయన తర్వాతివాళ్లని పిలిచారు.

నెలకి పత్రం వచ్చింది. వైకల్యం శాతం మారలేదు. మంగయ్యమ్మ దాన్ని దేవుడి పటం వెనక పెట్టి, పెరటి తడకకి కట్టిన దుప్పటి విప్పేసింది. ఉద్యోగం సంగతి మాత్రం తేలలేదు. నూకరత్నం తెల్లకాగితం మీద రాసింది: నేను కళ్లజోళ్ల షాపులో పనికి చేరాలనుకుంటున్నాను, నా పింఛను ఉంటుందో పోతుందో రాతపూర్వకంగా తెలుపగలరు. సన్నిబాబు ఆ కాగితాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇలా ఎవరూ రాసివ్వరండి," అన్నాడు. పైకి పంపిస్తానన్నాడు. పంపాడో లేదో తెలీదు. జవాబైతే రాలేదు.

ఇరవై రోజులు చూసింది. ఖాసిం గారు ఇంకెవరినైనా చూసుకుంటానని మెత్తగా చెప్పి పంపారు. మర్నాడు పొద్దున నూకరత్నం క్యాలిపర్ పట్టీలు బిగించుకుంది.

"జవాబు రాలేదు కదే," అంది తల్లి.

"వచ్చేదాకా కూర్చుంటే షాపు ఉండదమ్మా."

"పింఛను పోతే?"

"తెలీదు," అంది నూకరత్నం. అన్నాక కొంచెం ఏడ్చింది. ముఖం కడుక్కుని బయల్దేరింది.

నన్నూ తీసుకెళ్లింది. మధ్యాహ్నానికి క్యాలిపర్ ఒరుసుకుని తొడ మండుతుంది. అప్పుడు దాన్ని విప్పి, షాపులో అటూ ఇటూ నాతో తిరుగుతుంది. నేను మిషను పక్కన గోడకి ఉంటాను. పింఛను పంచే ఒకటో తారీఖు దగ్గరపడే కొద్దీ ఆవిడ మెట్ల వైపు చూడటం ఎక్కువవుతుంది.

మొన్న ఒకటో తారీఖున ఆవిడ ఇంట్లో లేదని తెలుసుకుని సన్నిబాబు నేరుగా షాపుకే వచ్చాడు. నూకరత్నం క్యాలిపర్ మీద నిటారుగా నిలబడి ఉంది. అతన్ని చూసి, అవసరం లేకపోయినా, ఆవిడ చెయ్యి నన్ను పట్టుకుంది. సన్నిబాబు వేలిముద్రల మిషను ముందుకు పెట్టాడు. బొటనవేలు పడలేదు. చూపుడువేలూ పడలేదు. పొద్దుట్నుంచి అద్దాలు అరగదీసే నీళ్లలో నాని వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. నడక గురించి, జీతం గురించి ఏడాదిగా భయపడ్డ మనిషి, వేళ్లు ఇలా అవుతాయని ఒక్కసారైనా అనుకోలేదు. చీర చెంగుతో తుడుచుకుని ఒక్కో వేలూ పెట్టింది. ఎడమచేతి ఉంగరం వేలికి మిషను కూసింది.

సన్నిబాబు డబ్బు చేతిలో పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు. అద్దాల మిషను వైపు చూశాడు, ఆవిడ కాలి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇక్కడే పనిచేస్తున్నారాండి?"

"అవునండి," అంది నూకరత్నం. ఆవిడ బరువంతా నా మీదకి వచ్చేసింది.

"ఎన్నింటిదాకా ఉంటారు? మా నాన్నకి కళ్లజోడు మార్పించాలి. సాయంత్రం తీసుకొస్తాను."

నూకరత్నం నన్ను గోడకి ఆనించి, స్టూలు మీద కూర్చుని, "ఎనిమిదింటిదాకా ఉంటానండి. పాత జోడు మర్చిపోకుండా తెమ్మనండి, కొలతకి కావాలి," అంది.