కుట్టు విప్పిన చెయ్యి

తెల్లవారుజామున ఐదింటికి లేచి, తనే కోసి కుట్టుకున్న యూనిఫారం కోసం గోడమేకు వైపు చెయ్యి చాచిన గుండీలమ్మకు ఉత్త మేకే తగిలింది. లైటు వేసి చూస్తే ఆ యూనిఫారం కత్తిరింపు బల్ల మీద ఇరవై రెండు ముక్కలుగా ఉంది.

చింపిన ముక్కలు కావు. ఎవరో కుట్లు విప్పి, ముక్కకు ముక్క పేర్చి పెట్టారు. నీలం చొక్కా చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి, వాటి పక్కన వీపు ముక్క, కఫ్‌లు, జేబు. నల్ల ప్యాంటు నాలుగు కాళ్ళ ముక్కలూ మరో దొంతర. జిప్పును చుట్టచుట్టి పెట్టారు. గుండీలన్నీ ఒక సీసా మూతలో పోసి ఉన్నాయి. విప్పిన దారం మాత్రం కుప్పగా నేల మీద, దువ్వెనలోంచి తీసిన జుట్టులా పడి ఉంది.

గుండీలమ్మ గడియారం చూసింది. ఐదూ నాలుగు నిమిషాలు.

ఏడింటికి ఆమె బస్సు డిపోలో హాజరు వేయించుకోవాలి. డ్రైవరుగా అదే మొదటి రోజు. యూనిఫారం లేకుండా స్టీరింగు ముట్టుకోనివ్వరు. మొదటి రోజు హాజరు కాకపోతే పేరు కొట్టేసి, జాబితాలో తరువాతి ఆవిడను పిలుస్తారు. మళ్ళీ పిలుపు వచ్చేది ఏడాదికి. నలభై అయిదు దాటినవాళ్ళను తీసుకోరు. గుండీలమ్మకు నలభై అయిదు నిండడానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి.

ఇంట్లో ఉన్నది ముగ్గురే. ముందుగదిలో కుట్టు దుకాణం, మధ్యగదిలో మామగారి మంచం, వెనక వంటగది, అందులో ఒక పక్కగా వదిన చాప. వదిన అంటే చనిపోయిన భర్తకు అక్క. మొగుణ్ణి వదిలేసి వచ్చి పదేళ్ళుగా ఇక్కడే ఉంటోంది. నోరు పెద్దది. "ఆ ప్యాంటేసుకుని నువ్వు గడప దాటావంటే పొయ్యిలో పెడతా, నిన్ను కాదు, ప్యాంటును" అని మొన్ననే అంది.

గుండీలమ్మ తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది. వదిన టీ నీళ్ళు పెడుతోంది.

"ఏం వదినా, చల్లబడిందా నీ కడుపు?"

"పొద్దున్నే ఏం పుట్టిందే నీకు?"

"వచ్చి చూడు, నువ్వు చేసిన నిర్వాకం."

వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బల్ల మీద చూసింది. ఒక చేతి ముక్క ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఉన్నచోటే పెట్టింది.

"నీ మతి గానీ పోయిందా? నేనైతే కత్తెర పెట్టి పరపరా కోసి పారేద్దును. ఇంత పొందిగ్గా విప్పి మడతలు పెట్టే ఓపిక నాకెక్కడిదే? నా జాకెట్టు హుక్కు ఊడితే నెల్లాళ్ళు పిన్నీసుతో తిరిగేదాన్ని."

దేవుడి మీద ఒట్టు వేసినా అంత నమ్మేది కాదు గుండీలమ్మ. నిజమే. గుడ్డ మీద కత్తెర గాటు లేదు. ఒక్క పోగు తెగలేదు. ప్రతి మూడో కుట్టునూ బ్లేడు మొనతో తెంపి, అవతలి వైపు నుంచి దారం లాగేశారు. అది నేర్చిన చేతుల పని. అలా విప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే. ఒకరు తను. రెండో మనిషి మధ్యగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఆమె గుమ్మంలో నిలబడి ఆయన వీపు చూసింది. బనియను కింద వెన్నెముక గుండీల వరసలా కనిపిస్తోంది. మరీ కదలకుండా ఉన్నాడు. నిద్రపోయే మనిషి అంత కదలకుండా ఉండడు.

అడగడానికి టైము లేదు. అడిగితే వచ్చే జవాబు వినడానికి అసలే లేదు. వెనక్కి తిరిగి, మిషను ముందు కూర్చుంది.

ఆ మిషను ముందు ఆమె ఇరవై మూడేళ్ళుగా కూర్చుంటోంది. కోడలిగా వచ్చిన కొత్తలో సూది పట్టడం కూడా రాదు. మామగారు వీధి మొత్తానికీ మాస్టారు. ఆయన కోసిన చొక్కా భుజం మీద వాలితే పెళ్ళికొడుకు కూడా రెండంగుళాలు పొడుగయ్యేవాడని చెప్పుకునేవారు. ఆయన మొదటి ఏడాదంతా కోడలి చేత గుండీలే కుట్టించాడు. ఆ పేరు అప్పుడొచ్చింది, ఇక పోలేదు. రెండో ఏడాది కుట్టడం కాదు, విప్పడం నేర్పాడు. "కుట్టడం ఎవడైనా కుడతాడమ్మా. గుడ్డకు నొప్పి తెలియకుండా విప్పేవాడే దర్జీ" అనేవాడు.

పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, భుజాల ముక్కలు జతచేసి మిషను పాదం కింద పెట్టింది. పాత కుట్టు తాలూకు చిల్లులు గుడ్డ మీద చుక్కల గీతలా ఉన్నాయి. వాటి వెంటే పోనిచ్చింది. మిషను మోత అందుకుంది. భుజాలు అయ్యాయి. చేతులు ఎక్కాయి. పక్క కుట్లు ఒక్క ఊపులో చంక నుంచి అంచుదాకా దిగాయి. ఆమె మడమ, ముని వేళ్ళు, మడమ, ముని వేళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. డ్రైవింగు నేర్పినాయన మొదటి వారమంతా ఈ కాళ్ళ గురించే మొత్తుకున్నాడు. "అమ్మా, అది క్లచ్చు. కుట్టుమిషను కాదు. అలా ఊపితే బస్సు ముందుకు పోదు, డాన్సు చేస్తుంది" అనేవాడు. పక్కన కూర్చున్న కుర్రపిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. మూడు నెలలకు ఆ పిల్లల్లో సగం మంది మానేశారు. కుట్టుమిషను కాళ్ళు మాత్రం అలవాటు మార్చుకున్నాయి.

ఎందుకు ఈ వయసులో అని అందరూ అడిగారు. వీధిలో కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు అరాకొరా తప్ప లేరు. అంగట్లో కొన్నవాటికి జిప్పు మార్చడం, నడుం వదులు చెయ్యడం, ఇవే ఎక్కువ. అది అందరికీ చెప్పిన కారణం. చెప్పని కారణం ఇంకొకటుంది. మామగారికి కళ్ళు కనిపించడం లేదు. రెండేళ్ళుగా ఆయన కుట్టిన కుట్టు వంకర పోతోంది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే గంటలో ఆమె ఆ కుట్లన్నీ విప్పి, చప్పుడు కాకుండా చేత్తో కుట్టి, మడత పెట్టేది. సాయంత్రం బేరం వచ్చినప్పుడు ఆయన చొక్కాను ఓసారి తడిమి, తృప్తిగా అందించేవాడు. వాళ్ళు మెచ్చుకుంటే మీసం దువ్వుకునేవాడు. అలా ఒకే పని రెండుసార్లు చేస్తూ, ఒక మనిషి పేరుకు తను చేతులై బతుకుతూ, ఒకరోజు ఆమెకు ఊపిరాడనట్టు అనిపించింది. ఆ మర్నాడే దరఖాస్తు పెట్టింది. ఆ ఏడాది పిలుపు రాకపోతే మళ్ళీ పెట్టింది.

కాలర్ బిగిస్తుంటే మిషను ఆగింది. పట్టీ లోపలి వైపు ఆవగింజంత ఎర్రటి చుక్క. ఇంకా పూర్తిగా ఎండలేదు. బ్లేడు మొన ఎవరి వేలికో దిగింది. గుండీలమ్మ ఆ చుక్కను చూసింది. బొటనవేలితో రుద్దితే పోలేదు. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ప్యాంటుకు నడుం పట్టీ ఎక్కించి దారం తెంపేసరికి ఆరూ ముప్ఫై రెండు. పెట్టినచోటే ఉన్న టీ చల్లారి మీగడ కట్టింది. ఇస్త్రీ లేదు. కాలర్ గుండీ కుట్టడానికి టైము లేదు. ఏడాది పాటు గుండీలు మాత్రమే కుట్టిన మనిషి, కాలర్ గుండీ లేకుండా గడప దాటింది.

"టీ అయినా తాగి పోవే" అని వదిన వీధిలోకి కేకేసింది. అంతలోనే, "బస్సు జాగ్రత్త" అంది.

డిపోకు చేరేసరికి ఏడుకు ఆరు నిమిషాలుంది. హాజరు పట్టీ రాసే పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి, "ఏమ్మా, ముడతలేంటి? పైగుండీ ఏది? నువ్వు దర్జీవని రాసుంది ఇందులో" అన్నాడు.

"దర్జీని కాదండీ" అంది ఆమె, వగరుస్తూ. "డ్రైవర్ని."

ఆయన నవ్వి సంతకం చోటు చూపించాడు.

మొదటి ట్రిప్పులో ఒకాయన మెట్టెక్కి, స్టీరింగు వెనక ఆడమనిషిని చూసి, "నేను తరువాత బస్సుకొస్తాలెండి" అన్నాడు. కండక్టరమ్మ టికెట్లు కొడుతూనే, "తరువాత బస్సు కూడా ఈవిడదే నాయనా, ఎక్కు" అంది. బస్సంతా నవ్వింది. ఆయన ఎక్కాడు. గుండీలమ్మ అద్దంలో చూసి, గేరు మార్చి, తనకే తెలియకుండా చిన్నగా నవ్వింది. చేతుల కింద అంత పెద్ద బండి మాట వింటోంది. మలుపులో అది తిరుగుతుంటే, గుండ్రటి మెడ కుడుతున్నప్పుడు గుడ్డ తిరిగినట్టే ఉంది.

పదకొండింటికి రెండో ట్రిప్పు వాళ్ళ వీధి మొగ మీదుగా పోయింది. దుకాణం షట్టరు దించి ఉంది.

భర్త పోయిన రోజు తప్ప ఆ షట్టరు పగటిపూట దిగి ఉండడం ఆమె చూడలేదు. కాలు బ్రేకు మీదికి పోయింది. అక్కడ స్టాపు లేదు. వెనక యాభై మంది ఉన్నారు. కాలు తీసి ఆక్సిలరేటరు మీద వేసింది.

మూడింటికి ఇల్లు చేరేసరికి వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది. గొంతులో రోజూ ఉండే కారం లేదు.

"నువ్వటు వెళ్ళావో లేదో లేచాడే. కుట్టడానికిచ్చిన బట్టలన్నీ మూటగట్టి, గోడ పట్టుకుని నడుస్తూ ఇంటింటికీ తిరిగిచ్చేసి వచ్చాడు. ఒక్కణ్ణే పోతానన్నాడు. మోకాలు దోక్కుపోయింది. వచ్చి పడుకున్నాడు. మంచినీళ్ళు కూడా వద్దంటున్నాడు."

ఆయన ఆ మంచం మీది నుంచి మళ్ళీ లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, పెద్ద రోగమేమీ లేదు, గుండె అలసిపోయింది అన్నాడు. పన్నెండో రోజు ఆమె రెండో ట్రిప్పులో ఉండగా, వదిన చెంచాతో నీళ్ళు పోస్తుంటే, అవి పెదాల పక్క నుంచి జారిపోయాయి. కండక్టరమ్మ ఫోనుకు కబురొచ్చింది. మరి మూడు స్టాపులే మిగిలాయి. గుండీలమ్మ ఆ మూడూ దాటించి, అందరూ దిగాక తను దిగింది.

ఆ పన్నెండు రోజుల్లో ఆయన పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడిందంతా ఆ మొదటి మధ్యాహ్నమే. ఆమె యూనిఫారం మార్చుకోకుండానే వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఎందుకు మామయ్యా?" అని ఒక్క మాట అడిగింది.

ఆయన గోడవైపు తిరిగే చెప్పాడు.

"నేనే విప్పానమ్మా. దీపం కూడా వెయ్యలేదు. నాకు దీపంతో పని లేక రెండేళ్ళయింది, నీకు తెలుసు. నీకు తెలుసని నాకూ తెలుసు. మధ్యాహ్నం నేనేం కునుకు తియ్యడం లేదు. ఇలాగే గోడవైపు తిరిగి, నువ్వు నా కుట్లు తెంపుతుంటే వినేవాణ్ణి. పుటుక్, పుటుక్ అని. సాయంత్రం తడిమితే అది నా కుట్టా? నీ కుట్టు. దాన్నే నాదని ఇచ్చి మెప్పు పొందాను. నువ్వెళ్ళిపోతే నాలుగు రోజుల్లో వీధికంతా తెలిసిపోతుందని భయమేసింది. కత్తెర పట్టాను. గుడ్డ మీద పెట్టాను. కొయ్యడానికి చెయ్యి రాలేదు. అందుకని విప్పాను. మళ్ళీ కుట్టాలంటే మూడు గంటలు పడుతుంది, ఏడు దాటిపోతుందనుకున్నా. నా చేతి వేగంతో లెక్కేసుకున్నా. నీ చెయ్యి నన్నెప్పుడు దాటిపోయిందో నేను చూడనే లేదు! పొద్దున ఆ మిషను మోత విన్నాను. ఒకసారి లేచి సాయం చేద్దామనిపించింది. ఒకసారి లేచి ఆపేద్దామనిపించింది. ఏదీ చెయ్యకుండా పడుకున్నా.

"ఇంకోటుంది, అదీ విను. పోయినేడు కూడా అర్జీ పెట్టుకున్నావు. పిలుపు రాలేదని వంటింట్లో కూర్చుని ఏడ్చావు. వచ్చిందమ్మా. పోస్టుమాను, నీ కోడలికి డిపో నుంచి అని నా చేతికే ఇచ్చాడు. ఆ కాగితం గుడ్డ కాదు కదా, కొయ్యొచ్చు అనుకున్నా. అట్టకు అంటించి, చుట్టూ కత్తిరించాను. ఏడాదిగా నువ్వు కాలర్లు కోస్తున్న అట్ట అచ్చు అదే. నీ ఒంటి మీద చొక్కాకు కూడా దాన్ని పెట్టే కోసుకున్నావు. తిరగేసి తడిమి చూడు, మడత గీత ఇంకా తగులుతుంది."