తొట్టికాడి పచ్చిక

"దుప్పి పెంటికలు ఏరేదానికి గూడా నోటుబుక్కంట," అంది లింగమ్మ ఆ పొద్దున. గౌరి పొయ్యి మీది గంజి దింపుతూ ఊరుకుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి అత్త ఏమన్నా ఊరుకోవడమే ఆమెకు అలవాటు. నోటితో అనలేనివన్నీ ఆ బుక్కులోకి పోయేవి.

వాళ్ళ గూడెం గిద్దలూరు పక్క నల్లమలలో ఉంది. ఆమె భర్త శివనాగరాజు అడవి వాచరు. దుప్పుల కడుపులో ఏ కాలంలో ఎన్ని నులిపురుగులు ఉంటాయో తెలుసుకోవాలని పశువుల డాక్టరు రాధాకుమారి రెండేళ్ళ కిందట వచ్చింది. నెలనెలా మూడు చోట్ల తాజా పెంటికలు ఏరి సీసాల్లో ఉంచమని అతనికి చెప్పింది. పెంటికల్లోని పురుగు గుడ్లను లెక్కపెడతారట. మొదటి నెల అతనే వెళ్ళాడు. రెండో నెల, "నువ్వెట్లాగూ కట్టెలకు పోతావు గదా, వంగేటప్పుడు అవీ ఏరుకొని రా," అన్నాడు.

అప్పటి నుంచి వంగింది గౌరి. వంట చేసి, నీళ్ళు మోసి, మేకలను తోలి, మోపు కట్టే తాడుతో పాటు సీసాలు కొంగున కట్టుకుని పోయేది. మంద లేచి వెళ్ళేదాకా చెట్టు చాటున కూర్చుని, వెచ్చగా ఉండగానే ఏరేది. పెంటికలు గట్టిగా ఉన్నాయా, జారుగా ఉన్నాయా, వాన ఎప్పుడు పడింది, గడ్డి ఎక్కడ మొలిచింది, అన్నీ బుక్కులో రాసుకునేది. రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివర సీసా చీటీ మీద తన చేత్తోనే 'ఏరినవారు: శివనాగరాజు' అని రాసేది. ఆ పేరు దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగేది.

ఆ మధ్యాహ్నం రాధాకుమారి జీపు దిగి, వాకిట్లో మంచం మీద కాగితాలు పరిచింది. గుడ్ల లెక్క చూపే ఎర్ర గీత ఒకటి వానాకాలంలో పైకెక్కి, ఎండాకాలంలో కిందికి దిగింది. ఒక్క మొన్నటి మే నెలలో మాత్రం, జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టి దగ్గరి సీసాలో, వానాకాలమంత గుడ్లు ఉన్నాయి.

"ఎండకు గడ్డిలోని పిల్లపురుగులు మాడిపోవాల శివనాగరాజూ. ఇన్ని ఎట్ల వచ్చినాయి? మేకలవి కలిసినాయా? కలిసుంటే తొట్టికాడి రెండేళ్ళ లెక్కా తీసెయ్యాల్సిందే."

అతను తల గోక్కున్నాడు. "మా ఆడది తెలీక కలిపినట్టుంది మేడమ్. ఆ ఒక్క నెల దాన్ని పంపించినా."

ఆ ఒక్క నెల. గౌరి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇరవై మూడు నెలలు పోయింది తను. కాలిలో తుమ్మముల్లు విరిగిన నెల పోయింది, జ్వరమొచ్చిన నెలా పోయింది. బాగున్న సీసాలన్నీ అతనివి, బాగాలేని సీసా ఒక్కటే తనది. ఇంట్లోనూ అంతే కదా, కూర కుదిరితే అది అత్త నేర్పింది, ఉప్పెక్కువైతే గౌరి చేసింది. ఇప్పుడు తొట్టి దగ్గర తను వంగిన ప్రతిసారినీ ఒక్క గీతతో కొట్టేస్తారు. ఎప్పటిలా అయితే లోపలికి పోయి గిన్నెలు తోముకునేది. లోపలికైతే పోయింది. బుక్కు పట్టుకుని బయటికి వచ్చింది.

"మేక పెంటిక గుండ్రంగా ఉంటాది మేడమ్. దుప్పిదానికి ఒక కొస మొన తేలుంటాది. నేను కలపలేదు." పేజీ తిప్పి చదివింది.

"ఏప్రిల్ ఇరవై. తొట్టి పగిలింది. ట్యాంకరు పోసిన నీళ్ళు కారిపోతున్నాయి. మే ఇరవై నాలుగు. తొట్టి చుట్టూ జానెడు పచ్చిక. అడవంతా ఎండిపోయింది, దుప్పులన్నీ ఇక్కడే మేసి ఇక్కడే వేస్తున్నాయి. పెంటికలు జారుగా ఉన్నాయి."

రాధాకుమారి బుక్కు అందుకుని చాలాసేపు చదివింది.

"ఎండాకాలం నడిమధ్యన ఆ తొట్టి వానాకాలం చేసి పెట్టింది," అంది చివరికి. "తడి పచ్చికలో పిల్లపురుగులు మాడలేదు, దుప్పులు గడ్డితోపాటు వాటినీ మేసినాయి. లెక్క తప్పు కాదు. మాకు తెలియాల్సిందే ఇది. గౌరీ, ఇందులో నెలలన్నీ ఉన్నాయే. శివనాగరాజూ, తొట్టి ఏ పక్క పగిలింది?"

అతను వాకిట్లో బియ్యం చెరుగుతున్న తల్లి వైపు చూశాడు.

"వాడికేం తెలుస్తాది మేడమ్," అంది లింగమ్మ చేట కింద పెట్టి. "ఆ తొట్టి మొహం చూస్తే గదా. దినామూ పొయ్యేది ఇది. వాడు పొయ్యేది టీ బంకుకు."

"పడమటి పక్క," అంది గౌరి.

రాధాకుమారి కొత్త సీసాల పెట్టెను ఈసారి గౌరి చేతుల్లో పెట్టింది.

మరుసటి నెల గౌరి అరుగు మీద కూర్చుని చీటీలు రాసింది. పెన్ను ఎక్కడా ఆగలేదు. శివనాగరాజు పక్కన నిలబడి ఒక్కో సీసా తిప్పి చూశాడు.

"ఏందే, నా పేరు యాడా లేదు?"

"నువ్వు వంగిన నెల రాస్తాలే మామా," అని గౌరి మూత బిగించింది.