గుడ్డు గిలక్కొట్టే చేతులు

"చల్లారకముందే తాగెయ్యి ఓర్సొలా," అంటూ మా ఆయన ఆల్విజె కప్పు అందించాడు. పచ్చసొన, పంచదార, తియ్యటి వైన్ కలిపి ఆయనే స్వయంగా గిలక్కొడతాడు. వెనిస్‌లో ఏ మొగుడు ఇంత చేస్తాడని తోటి గాయనులు కుళ్ళుకుంటారు. పెళ్ళయ్యాక ఒక్కనాడూ తన మేజోళ్ళు తను వెతుక్కోని మనిషికి, ఈ కార్నివాల్ పండగ రోజుల్లోనే నా గొంతు మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో నాకు మాత్రం అర్థం కాలేదు.

వియన్నా నాటకశాల నుంచి పిలుపు వచ్చాకే పుట్టింది. ఆ రోజే మా అత్తగారు సూప్ వడ్డిస్తూ, "ఊరూరా పాడేదానికి ఊయల ఊపే తీరిక ఎక్కడిదిలే," అంది. ఆల్విజె నవ్వాడు. "గొంతు నిలబడితే వెళుదువుగానిలే," అన్నాడు నాతో. అప్పటినుంచే పై స్వరం దగ్గర నా గొంతు చీరుకుపోతోంది. దగ్గు లేదు, జలుబు లేదు. కప్పు తాగితే నాలుక మడతపడేంత వగరు. అడిగితే, "ఆ వైన్ అంతేనే," అన్నాడు. నేను వైన్ ఎరగనిదాన్నా? మా అత్తవారిది అద్దకం ఇల్లు. బట్టకి రంగు పట్టించే పటిక కింది గదిలో బస్తాలకు బస్తాలు. నాలుక మీద పెడితే అదీ ఇదే వగరు. ఛీ, కట్టుకున్నవాడి మీద ఇదేం అనుమానమని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, ఆ సాయంత్రం నాటకశాలలో ఆయన ఇచ్చిన కప్పుని చేతులు కడిగే పళ్ళెంలో ఒంపేశాను.

మా పాటల్లో మొదటి భాగమే పాట చివర్లో మళ్ళీ వస్తుంది. మొదటిసారి, పాట రాసినవాడు చెప్పినట్టు పాడాలి. రెండోసారి సంగతులన్నీ మన ఇష్టం. ఆ రెండోసారి నేను పై స్వరం మీదికి ఎక్కి ఊపిరి ఉన్నంతసేపు దిగలేదు. జనం కేకలు పెట్టారు. ఎంత సంతోషం వేసిందో! ఆల్విజె మాత్రం చప్పట్లు కొట్టలేదు. తర్వాత నా ముస్తాబు గదిలోకి వచ్చి, నా ముఖం కూడా చూడకుండా కప్పు ఎత్తి చూశాడు.

"మొత్తం తాగావా?"

"చుక్క మిగల్చలేదు."

మర్నాడు భోజనాల దగ్గర మళ్ళీ కప్పు తెచ్చి పెట్టాడు. దాన్ని ఆయన వైపే జరిపాను. అత్తగారి చెంచా ఆగిపోయింది.

"ఇవాళ మీరు తాగండి."

"నాకెందుకే? నేనేమన్నా పాడాలా?"

"పాడని గొంతుకి భయమేముంది?"

ఆయన ముట్టుకోలేదు. కప్పు మీద పొర కట్టేదాకా చూసి లేచాను.

"నేను వియన్నా వెళ్తున్నానత్తయ్యా. అక్కడా కోళ్ళు గుడ్లు పెడతాయి. గిలక్కొట్టుకోవడం నాకూ వచ్చు."