తిప్పన్న తుపాకిలో ఎర్రప్ప కడ్డీ

“తిప్పన్న వేళ్లు తీసింది మీరిద్దరే. నువ్వు, నీ పక్కన కూచోని గోళ్లు కొరుకుతాండే ఈ సెక్రెటరీ. నేనూ ఒక చెయ్యేసినా, కాదనను. ముందు మీ సంగతి తేల్చి నా కాడికొస్తా.”

హిందూపురంలో, తుపాకి పోటీల క్లబ్బు నడిపే రామమోహన్ శెట్టి చింతపండు మండీ మేడ మీద, ఆ క్లబ్బు కమిటీ ముందు నిలబడి చాంద్‌బీ అన్న మొదటి మాట ఇది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

పెనుకొండలో ఆమెది తుపాకులు బాగుచేసే కొట్టు. మొగుడు హజరత్‌వలి పోయాక లైసెన్సు కొడుకు మసూద్ పేరు మీదికి మారింది గాని పనితనం ఆమె చేతిలోనే ఉంది. అడవిపందుల నుంచి పైరు కాపాడుకోవడానికి రైతుల దగ్గరుండే మందు తుపాకులు, అంటే మూతి నుంచి మందూ గుండూ పోసి కడ్డీతో దట్టించి కాల్చేవి, చుట్టుపక్కలవన్నీ ఆ కొట్టుకే వస్తాయి. వాటితోనే ఈ క్లబ్బు పదకొండేండ్లుగా పోటీలు పెడుతోంది. తలకు రుమాలు, నడుముకు ఎర్ర పట్టీ, రాయల కాలపు సిపాయి వేషం. ఎదురుగా వరసగా వేలాడగట్టిన మట్టి ముంతలు. వేషాలు శెట్టివి, ముంతలు శెట్టివి, ఫొటోలో మధ్యన నిలబడేది శెట్టి. తుపాకులూ చేతులూ మాత్రం రైతులవి.

ఈ ఏడు, 2004లో, ఎన్నికలొచ్చాయి. తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలని ఆర్డరు. ఎవరిది వాళ్లు ఇచ్చుకుంటామంటే సెక్రెటరీ అరవింద్ ఒప్పుకోలేదు. క్లబ్బు పేరు పేపర్లో పడాలి కదా. నలభై తుపాకులనూ ఒక కట్ట, కడ్డీలన్నీ ఊడబెరికి ఇంకో కట్ట కట్టించి, టెంపోలో వేసుకుని పోయాడు. చెన్నేకొత్తపల్లి తిప్పన్న అడ్డం పడ్డాడు. “సార్, పందికని దట్టించి పెట్టినా, లోపల మందు ఉండాది. చేనికి పోయి కాల్చి తెస్తా.”

“టెంపో నిలబడదప్పా. దించిపో, మేం ఖాళీ చేయిస్తాంలే.”

చేయించలేదు. ఎన్నికలైపోయాక కట్టలు విప్పి, చేతికి దొరికిన తుపాకిలో చేతికి దొరికిన కడ్డీ దోపి పంచిపెట్టాడు. ఖాళీ చేసినారా సారూ అని తిప్పన్న అడిగితే “ఎప్పుడో” అన్నాడు.

పోటీ రోజు ఒక్కో తుపాకినీ కాల్చబోయే ముందు పరీక్షించేది చాంద్‌బీ. ఒక్కో కడ్డీ మీద ఆమె పెట్టిన గాటు ఉంటుంది. ఖాళీ గొట్టంలో కడ్డీ దించితే గాటు సరిగ్గా మూతి దగ్గర ఆగాలి. పైకి తేలితే లోపల మందున్నట్టు. ఆ రోజు మొదట పరీక్షకొచ్చింది తిప్పన్న తుపాకి. అతనిది పొడుగు గొట్టం, అగళి రైతు ఎర్రప్పది నాలుగు వేళ్లు పొట్టి. తిప్పన్న తుపాకి అడుగున పందికని దట్టించిన మందూ నాలుగు వేళ్ల ఎత్తే. అందులో దిగింది ఎర్రప్ప కడ్డీ. గాటు చక్కగా మూతి దగ్గరే ఆగింది. ఖాళీ అని చాంద్‌బీ చెయ్యి ఊపింది. ఇన్నేండ్లూ ఆమె గాటునే చూసింది. అది ఎవరి కడ్డీ అని చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

రెండో పరీక్ష ఒకటుంది. మూతికి రబ్బరు గొట్టం పెట్టి ఊదితే వెనక బెజ్జంలోంచి గాలి రావాలి. ఆ రోజు ఆమె రబ్బరు గొట్టం తీసింది కూడా. శెట్టి మైకులోనే అందుకున్నాడు. “నలభైటికీ ఊదుకుంటా కూచుంటే పొద్దుగూకుతాదమ్మా. చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి లేచిపోతాడు. గాటు చూస్తే చాల్లే.” జనం నవ్వారు. ఆమె గొట్టం సంచిలో పెట్టేసింది.

తిప్పన్న పాత మందు మీద కొత్త మందు దట్టించి కాల్చాడు. తుపాకి పగిలింది, పోటీ అక్కడే ఆగిపోయింది. ఎడమ చేతి మూడు వేళ్లు పోయాయి.

ఇప్పుడు శెట్టి టేబుల్ మీద ఒక కాగితం ఉంది. తిప్పన్న తాగొచ్చి రెండుసార్లు దట్టించాడని, పరీక్షలో తుపాకి ఖాళీగానే ఉందని అందులో రాశారు. కింద చాంద్‌బీ సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే తిప్పన్న లైసెన్సు రద్దవుతుంది. గుట్ట అంచున నాలుగెకరాల శెనక్కాయ పందుల పాలవుతుంది.

“ఎవరో ఒకరి మీద పడాల కదా చాంద్‌బీ,” అన్నాడు శెట్టి మెత్తగా. “తిప్పన్న మీద పడితే వాడొక్కడు. క్లబ్బు మీద పడితే అందరం.”

“ఆయప్ప తాగడు సారూ,” అంది గుమ్మం దగ్గర నిలబడ్డ సిద్దమ్మ, తిప్పన్న భార్య. “కల్లంగడి కనపడితే ఇంకో దారెమ్మట పోతాడు. ఊర్లో అందరికీ అదొక నవ్వులాట.”

అరవింద్ చిరాకుపడ్డాడు. “నిన్నెవరు రమ్మనిరమ్మా ఈడికి?”

“నేను పిల్చినా,” అంది చాంద్‌బీ. “ఆమె మొగుడు తాగినాడని రాసినావు కదా. ఆమె మొగం చూసి చదువు.”

అరవింద్ కాగితాన్ని శెట్టి వైపు తోశాడు.

ఆమె సంచిలోంచి రెండు కడ్డీలు తీసి కాగితం మీద వేసింది. “ఇది పగిలిన తుపాకి కాడ దొరికింది, పొట్టిది. ఇది నిన్న అగళికి పోయి ఎర్రప్ప తుపాకిలోంచి తీసుకొచ్చినా, తిప్పన్నది. పక్కపక్కన పెట్టి చూడు శెట్టీ.”

శెట్టి వాటిని ముట్టుకోలేదు. “ఏదో తెలీక చేసినాడు అరవిందు. పిల్లోడు.”

“ముప్పై ఆరేండ్ల పిల్లోడు. ఇద్దరు బిడ్డల నాయన.”

కమిటీలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. అరవింద్ లేచాడు. “ఖాళీ అని చెయ్యి ఊపింది నువ్వు కదా? అది రాస్తే నీ కొట్టుకు తాళం పడ్తాది. మసూద్ ఏం తింటాడు?”

ఈ మాట వస్తుందని చాంద్‌బీకి తెలుసు. పెనుకొండ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ దీనికి జవాబు వెతుక్కుంది. దొరకలేదు. కొట్టు తప్ప ఇంకో ఆధారం లేదు. కాని నలుగురు నవ్వారని సిగ్గుపడి రబ్బరు గొట్టం దాచేసిన చెయ్యి కూడా తనదే. ఆ సిగ్గు తనది, వేళ్లు తిప్పన్నవి.

కడ్డీల కింది కాగితం లాగి నాలుగు ముక్కలు చేసింది.

“కొత్తది రాయి అరవిందూ. ఊదకుండానే ఖాళీ అన్నింది చాంద్‌బీ. ఊదొద్దన్నింది రామమోహన్ శెట్టి. మందుండే తుపాకిని తీసుకోని, కడ్డీలు కలిపేసి, ఖాళీ చేసినామని అబద్ధం చెప్పింది అరవింద్. మొదటి సంతకం నేను పెడ్తా. తాళం పడితే పడనీ.”

“ఆదివారం ధర్మవరంలో మ్యాచ్ ఉండాది,” శెట్టి గొంతు గట్టిపడింది. “పోస్టర్లు అంటించేసినాం.”

“పీకించు. ఈ రెండూ పోతే ఇంకా ముప్పై ఎనిమిది తుపాకులు రైతుల ఇండ్లల్లో ఉండాయి. ఎవరి కడ్డీ యాడుందో, ఏ గొట్టంలో ఏముందో ఒక్కరికీ తెలీదు. ఇప్పుడే బండి కట్టించు. మీరిద్దరూ ఎక్కండి. ఇంటింటికీ పోయి ప్రతి గొట్టం ఊదాల, ఎవరి కడ్డీ వాళ్లకియ్యాల, జరిగింది మీ నోటితోనే చెప్పాల. అదయ్యేదాకా ఏ ఊర్లోనూ మ్యాచ్ లేదు. లేయండి.”