అక్క ఫొటో బిళ్ళ

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గదిలో కరుణ పొద్దుటి నుంచి వంచిన మెడ ఎత్తలేదు. ఫొటోలు పొదిగిన గాజు బిళ్ళలకు గొలుసు దూరే కొక్కేలు అంటించడం ఆమె పని. జిగురు వాసనకు తల దిమ్ముగా ఉంది. వేళ్ళ కొసలకు స్పర్శ తెలియడం లేదు.

"ఇంకా అరవై ఉన్నాయి కరుణా. సాయంత్రానికి కొరియర్‌కి ఇచ్చెయ్యాలి," అంది యజమానురాలు కిరణ్మయి, పెట్టెలు సర్దుతూ.

అప్పుడే రావిర్యాల నుంచి నర్సింహమ్మ అనే ముసలామె వచ్చింది. కొంగుముడి విప్పి గాజు బిళ్ళ తీసింది. లోపల చనిపోయిన అక్క ఫొటో. పాత రేషన్ కార్డు మీది బొమ్మ తప్ప అక్కది ఇంకే ఫొటో లేకపోతే, దానితోనే ఇక్కడ చేయించుకుంది. ఇప్పుడు కొక్కెం ఊడిపోయింది.

"బస్సుల జారి పడ్డది బిడ్డా. సీట్ల కింద దేవులాడి దేవులాడి పట్టుకున్న. నేనే గట్టిగ గుంజిన్నో ఏమో."

కరుణ బిళ్ళ తిప్పి చూసింది. జిగురు పొరలా లేచిపోయింది. పని తొందరలో ఆ రోజు జిగురు పెట్టేముందు గాజు తుడవనేలేదు. రోజంతా ఆరనివ్వాల్సింది, పూటకే ఇచ్చేసింది.

"నువ్వు గుంజలే అవ్వా. తప్పు నాది. ఆరకముందే ఇచ్చిన."

కిరణ్మయి చేతిలో పెట్టె ఆగింది. "రేపు రండి, గట్టిగా అంటించి ఉంచుతాం," అంది ముసలామెతో.

నర్సింహమ్మ బిళ్ళ లాక్కుని పిడికిట్లో పెట్టుకుంది. "ఇడిసిపెట్టి పోను."

"జిగురు వద్దు. తీగతోని కడ్త. కూసో అవ్వా," అంది కరుణ. ముసలామె పిడికిలి విప్పింది.

సన్నటి తీగను బిళ్ళ అంచు చుట్టూ రెండుసార్లు తిప్పి, వెనక అడ్డంగా బిగించి, పైన తాడు దూరేలా మెలిపెట్టాలి. వేళ్ళు మాట వినలేదు. రెండుసార్లు తీగ జారి గోటి కింద గుచ్చుకుంది. మూడోసారి నిలిచింది.

"గుంజు అవ్వా. గట్టిగ."

నర్సింహమ్మ భయంభయంగా గుంజింది. ఊడలేదు. నల్లతాడుకు ఎక్కించుకుని మెడలో వేసుకుంది. "నీ కండ్లు గుంజుకపోయినయి. జర పండుకో బిడ్డా," అని బస్సుకు వెళ్ళిపోయింది.

కరుణ నిన్న అంటించిన వాటిలోంచి ఒకటి తీసి లాగింది. కొక్కెం చేతిలోకి వచ్చేసింది. ఇంకొకటి లాగింది. అదీ అంతే.

"ఇవి గూడ తుడ్వలే అక్కా," అంది.

కిరణ్మయి ఫోన్ తీసి కొరియర్ రేపటికి మార్చమని చెప్పి, చాప మీద ఎదురుగా కూర్చుంది.

"గుడ్డ ఇటివ్వు," అంది.