పద్నాలుగో గడి

ఫారంలో పద్నాలుగో గడి దగ్గర టైపిస్టమ్మ ఆగిపోయింది. 'జీతం తీసుకునే ఉద్యోగుల సంఖ్య' అని ఉంది. సున్నా కొట్టింది. గడి ఎర్రబడింది. ఒకటి గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వేయాలట.

చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ అది. నడిపేది టైపిస్టమ్మే; ఆ పేరు పాత ఉద్యోగం నాటిది. ఉన్నవి రెండు గదులు. ఒకదానికి గోడల నిండా బొంతలు వేలాడదీశారు. చదివేటప్పుడు ఫ్యాను ఆపేస్తారు. అయినా వీధిలో బస్సు హారన్ కొడితే రికార్డింగులో పడుతుంది. దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్ నెల రోజులు ఉచితంగా వాడుకోనిచ్చారు. శనివారంతో ఆ గడువు సరి. పదో తరగతి సైన్సు సగం మిగిలి ఉంది. రిజిస్టరైన సేవాసంస్థలకైతే పదో వంతు ధరకే ఇస్తారు, ఈ ఫారం గట్టెక్కితే.

"ఒకటి వేసెయ్ వదినా," అంది ఆడపడుచు, బొంతల గదిలోంచి చెమట తుడుచుకుంటూ వచ్చి. సైన్సు చదివేది ఆవిడే. "ఎవరొచ్చి తలలు లెక్కపెడతారు?"

"ఎవరి తల చూపించను? నీదా?"

"చూపించు. నాకు జీతమొస్తోందని తెలిస్తే మా ఆయన కాఫీ తనే కలుపుకుంటాడేమో."

"రాసిందంతా నిజమని కింద సంతకం పెట్టేది నేను."

టైపిస్టమ్మ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేసింది. అవతల మాట్లాడినావిడ మర్యాదగానే చెప్పింది. "అందరూ ఒకటి వేస్తారండీ. ఏం కాదు."

"అందరి సంగతీ నాకు తెలీదమ్మా. ఇక్కడ ఇరవై రెండేళ్ళుగా ఎవరూ జీతం తీసుకోలేదు. ఆ మాట నా చేత్తో నేనే కొట్టేయనా?"

అవతలావిడ అడిగింది. "మరి పనెవరు చేస్తారండీ?"

"రిజిస్టరు పంపిస్తాను. చూసుకోండి."

వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, చదివిన పేజీలు, సంతకం. నలభై ఒక్క మంది. టైపిస్టమ్మ ఒక్కో పేజీ ఫోనుతో ఫోటో తీసింది. మొదటి సంతకం ఆవిడ భర్తది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆడపడుచు పేజీ అంచు వంగకుండా వేలితో నొక్కి పట్టుకుంది.

శుక్రవారం జవాబు రాలేదు. ఆడపడుచు గొంతు బొంగురుపోయేదాకా చదివింది. శనివారం పదకొండింటికి మెయిల్ వచ్చింది. దరఖాస్తు ఆమోదించారు, ఉద్యోగులు సున్నాగానే.

మరుసటి ఏడాది రెన్యువల్‌కి మళ్ళీ అదే ఫారం. పద్నాలుగో గడిలో సున్నా కొట్టింది. ఎర్రబడలేదు. కింద సన్నటి అక్షరాల్లో కొత్త వాక్యం ఒకటి చేరింది. టైపిస్టమ్మ ఆడపడుచును పిలిచింది.

"ఇది కాస్త చదివి పెట్టు."

"కళ్ళజోడు పెట్టుకునే ఉన్నావుగా వదినా."

"ఉన్నాలే. నువ్వు చదివితే వింటాను."

ఆడపడుచు ఫ్యాను ఆపింది. గొంతు సవరించుకుని, సైన్సు పాఠం చదివినట్టే చదివింది:

"జీతం లేకుండా అందరూ స్వచ్ఛందంగా పనిచేసే సంస్థలు ఇక్కడ సున్నా వేయవచ్చు."