సుయుంచు శాలువా

బురుల్‌కాన్ పెట్టెలో అట్టడుగున ఒక తెల్ల శాలువా ఉండేది. మేకబొచ్చు తనే వడికి, తనే అల్లింది. అది కప్పుకోవడానికి కాదు, అమ్ముకోవడానికీ కాదు. మంచి కబురు మోసుకొచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి "సుయుంచు" అని అడిగితే ఇంటివాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. పెట్టకపోతే ఆ మంచి నిలవదంటారు. ఆమెకు కావలసిన మంచి కబురు లోకంలో ఒక్కటే: కొడుకు ఎర్నిస్ జైలునుంచి వస్తున్నాడని. ఆ మాట తెచ్చేవాళ్ల కోసం దాచింది.

కొండమీది మంచు కరిగి వీధులన్నీ బురదయిన రోజుల్లో, ఆమె ఆవుకు గడ్డి వేస్తుంటే కుబాన్ పెళ్లాం జీదెగుల్ పరుగెత్తుకొచ్చింది. బురదలో ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు.

"సుయుంచు అక్కా, సుయుంచు. ముందొచ్చింది నేను. వెనకాల ఆ వడ్డీల సలీమా వస్తోంది, దానికిచ్చావంటే ఊరుకోను."

బురుల్‌కాన్ ఏం కబురని అడగలేదు. ఆమె కాళ్లే ఆమెను లోపలికి తీసుకుపోయాయి. పెట్టె తెరిచి, బట్టలన్నీ నేలమీద పారేసి, శాలువా తీసుకొచ్చి జీదెగుల్ భుజాలమీద కప్పింది. కప్పాకే అడిగింది.

"ఎప్పుడొస్తాడంట?"

"ఎవరక్కా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీదెగుల్‌కి అర్థమైంది. అర్థమయ్యాక ఆమె గొంతు చిన్నదైపోయింది.

"వచ్చేది కాదక్కా. వెళ్లేది. కల్నల్‌కి శిక్షపడింది. బెర్దికులోవ్‌కి. టీవీలో చూపించారు, కోర్టులో అద్దాల గదిలో కూచోబెట్టారు. టై కూడా లేదు. పదేళ్లట."

శాలువా తీసి తిరిగి ఇవ్వాలా వద్దా అని జీదెగుల్ చేతులు తడబడ్డాయి. ఇచ్చిన సుయుంచు వెనక్కి తీసుకునే ఇల్లు ఆ ఊళ్లో లేదు. "ఉంచుకో," అంది బురుల్‌కాన్, ఆవు వైపు తిరిగి. "నువ్వే కదా ముందొచ్చావు."

బెర్దికులోవ్ ఆ జిల్లా పోలీసులందరికీ పెద్ద. మూడేళ్ల కిందట, ఆకులు రాలే కాలంలో, ఎవరివో గుర్రాలు మందకు మందే మాయమయ్యాయి. తోలుకుపోయింది కల్నల్ మేనల్లుడని గుర్రాలకు కూడా తెలుసు. కేసు మూయడానికి ఎవడో ఒకడు కావాలి. తండ్రి లేనివాడు, పలుకుబడి లేనివాడు, ఎర్నిస్ దొరికాడు. వదిలేయడానికి ఎంత తెస్తావని తల్లికి కబురు పంపారు. ఆమె దగ్గరున్నది ఒక ఆవు. నవ్వి, కుర్రాణ్ని లోపలేశారు.

గుర్రాలు పోయిన ఆ రోజు ఎర్నిస్ ఎక్కడున్నాడు? పొద్దు పొడిచినప్పటినుంచి చీకటిపడేదాకా కుబాన్ కొత్త ఇంటి కప్పుమీదున్నాడు. ఇల్లు కట్టుకునేవాడికి ఊరంతా కలిసి ఒళ్లొంచి సాయం చేసే రోజది. మగవాళ్లు దూలాలెత్తారు, మట్టి తొక్కారు. ఆడవాళ్లు పొయ్యిమీద పెద్ద మూకుడు పెట్టి అన్నం వండారు. ఎర్నిస్ ఒక దూలాన్ని వంకరగా పెట్టాడు. కిందున్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. విప్పి మళ్లీ పెట్టడానికి టైం లేక అలాగే వదిలేసి, దానికి ఎర్నిస్ దూలమని పేరు పెట్టారు. ఊరంతా చూసింది. పోలీసులొచ్చి అడిగేసరికి ఊరు ఊరంతా గుడ్డిదైపోయింది.

ఇప్పుడేమో అదే ఊరికి పండగొచ్చింది. స్కూలు ఆటలగదికి కల్నల్ పేరుతో ఉన్న ఇత్తడి పలకను కుర్రాళ్లు ఊడబీకి, దాన్ని కొండవాలులో కరగక మిగిలిన మంచుమీద జారుడుబల్ల చేసుకున్నారు. నిరుడు వసంత పండగ నౌరూజ్‌కి అతనికి చేత్తో కుట్టిన పొడుగు అంగీ, చోగా, తొడిగి, గుర్రాన్ని కానుకిచ్చిన పెద్దమనిషి తుర్దుబాయ్, "నాకు ఆనాడే తెలుసు, వాడి కళ్లు తోడేలు కళ్లు" అంటూ కొట్టు ముందు కూచుని వచ్చేపోయేవాళ్లకి చెప్పాడు. తెలిసి చోగా ఎందుకు తొడిగావని ఒక్కడూ అడగలేదు. అడిగినవాడు తన చేతుల మరకలు కూడా చూపించాల్సొస్తుంది.

బురుల్‌కాన్ పండగ చేసుకోలేదు. మర్నాడే పట్నం వెళ్లి ప్రాసిక్యూటర్ గది ముందు కూచుంది. ప్రాసిక్యూటర్ కొత్తగా వచ్చిన కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"బెర్దికులోవ్ కేసు లంచాలదమ్మా. డబ్బిచ్చినవాళ్లంతా అందులో బాధితులు. మీరిచ్చారా?"

"ఇవ్వలేదు బాబూ. ఇవ్వలేకే మావాడు లోపలున్నాడు."

"ఇవ్వకపోతే లంచం లేదు కదా."

బురుల్‌కాన్ లేవలేదు. ఆ కుర్రాడు కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు: "ఆ రోజు మీ అబ్బాయిని చూసినవాళ్లుంటే సోమవారం తీసుకురండి. నోటితో చెబితే చాలు, కేసు మళ్లీ తెరుస్తాను. ఒక్కరొచ్చినా సరే. తల్లి మాట మాత్రం చెల్లదు."

ఒక్కరు. ఊరంతా చూసిన మాటకి ఒక్కరు. బస్సులో ఇంటికొస్తూ దారంతా ఆమె మొహాలు ఎంచుకుంటూ వచ్చింది, వీళ్లలో ఎవరు కాదంటారులే అని.

ఆదివారం కుబాన్ ఇంట్లో పొట్టేలు కోశారు. కల్నల్ పీడ వదిలినందుకట. బురుల్‌కాన్‌ని పిలిచి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, గుమ్మానికి ఎదురుగా పెద్దవాళ్లు కూచునేచోట కూచోబెట్టారు. మూడేళ్లుగా వీధిలో ఎదురుపడితే పక్కకి తప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఆమె ముందు మంచి ముక్కలు పెట్టారు.

"తినొదినా, తిను. నీ ఉసురే తగిలింది వాడికి," అంది సలీమా.

"ఆమెది కాదు, నా చూడి గుర్రం ఉసురు," అన్నాడు తుర్దుబాయ్. "మా తమ్ముడి కొడుకుని వదిలించడానికే పండక్కి దాన్ని కానుకని తోలిచ్చా. ఇప్పుడు నన్ను బాధితుణ్ని చేశారు. గుర్రం తిరిగొస్తుందట, పిల్లతో సహా."

"పిల్ల కల్నల్ పోలికలతో పుట్టిందేమో చూసుకో తాతా," అన్నాడో కుర్రాడు.

"పుడితే దానికి రోజూ జీను వేస్తా."

అందరూ నవ్వారు. టీ గిన్నెలు చేతులు మారుతున్నాయి. అప్పుడే వెనకింటి షేరాలీ లోపలికొచ్చాడు, తలుపు కంటే పొడుగు మనిషి. కూచున్నచోటినుంచే కుబాన్ అలవాటుగా కేకేశాడు: "తల, తల. ఎర్నిస్ దూలం."

షేరాలీ తల వంచాడు. వంచి అలాగే ఉండిపోయాడు. గదిలో నవ్వు ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ తల్లి ఎదుట ఎవరూ పైకి అనని పేరు.

బురుల్‌కాన్ తలెత్తి ఆ వంకర కర్రని చూసింది. మిగతావన్నీ తిన్నగా ఉన్నాయి. అదొక్కటే, తొందరపడి పరుగెత్తినవాడిలా, ఒక పక్కకి ఒరిగి ఉంది.

"ఇప్పుడన్నావే కుబాన్, ఆ మాట చాలు," అంది. "రేపు పట్నంలో అదే అను. ఈ దూలం వాడే పెట్టాడని, ఆ రోజు పొద్దంతా ఇక్కడే ఉన్నాడని. ఒక్కరంటే చాలట. వ్యాన్ మాట్లాడాను, సీట్లన్నీ మనకే ఉంచమన్నాను. మీరంతా వస్తారనే."

కుబాన్ చేతిలో కత్తి మాంసంమీదే ఆగింది.

"అక్కా, కల్నల్ వెళ్లాడు గానీ ఆ కుర్చీ ఖాళీగా లేదు. ఇప్పుడు కూచున్నది వాడి కిందోడే. ఆ రోజు నీ కొడుక్కి బేడీలు వేసినవాడే."

"తెలుసు."

"తెలిసీ నన్ను రమ్మంటే ఎలా? నాకు నలుగురు పిల్లలు."

"నాకు ఒక్కడే. ఆ రోజు నీ నెత్తిన కప్పు వేస్తున్నాడు."

సలీమా తలగుడ్డ కొసతో కళ్లొత్తుకుంది. ఆమె ఏడుపు నిజమే. ఏడవడానికి ఎవరూ వెనకాడలేదు. షేరాలీ గుమ్మం దగ్గరే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్నాడు.

"గొర్రెలు ఈనే కాలం, అమ్మాయ్," అన్నాడు తుర్దుబాయ్ గడ్డం నిమురుకుంటూ. "అది కానీ. తర్వాత నలుగురం కూచుని ఆలోచిద్దాం."

"చూడి గుర్రం కోసం ఎన్నిసార్లు వెళ్లావు మామా పట్నానికి?"

ముసలాయన రెండు చేతులూ దోసిలిపట్టి పైకెత్తాడు. అతను చేతులెత్తాడంటే విందు అయిపోయినట్టే. ఈ తల్లి కడుపు చల్లబడాలని, ఈ ఇంటి కప్పు పదికాలాలు నిలవాలని, న్యాయం గెలవాలని దీవించాడు. అందరూ చేతులు మొహంమీదుగా దించుకుని "ఓమిన్" అన్నారు. బురుల్‌కాన్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"మీ దీవెన మీ దగ్గరే ఉంచుకోండి. నాకు కావలసింది నోరు," అని లేచి వెళ్లిపోయింది. ఆమె ముందు పెట్టిన మాంసం చల్లారి, దానిమీద కొవ్వు తెల్లగా గడ్డకట్టింది.

సోమవారం వ్యాన్ వచ్చింది. డ్రైవర్ పక్క లోయవాడు, ఈ గొడవేమీ తెలియనివాడు. "సీట్లన్నీ ఉంచమన్నారు కదా పెద్దమ్మా, మనుషులేరీ?" అని హారన్ కొట్టాడు. పొగగొట్టాల్లోంచి పొగ వస్తోంది, అంటే అందరూ లేచే ఉన్నారు. షేరాలీ ఇంటి కిటికీ తెర కదిలి, మళ్లీ ఆగింది. మళ్లీ కొట్టాడు. కుక్కలు మొరిగాయి.

అప్పుడు జీదెగుల్ వచ్చింది. ఈసారి పరుగెత్తలేదు. చంకలో శాలువా. ఆమెను చూడగానే బురుల్‌కాన్ సీటులో పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఆ రోజు వాడికి టీ అందించింది నువ్వే," అంది. "నిచ్చెన ఎక్కి మరీ ఇచ్చావు."

"ఇచ్చానక్కా. రొట్టె కూడా. కాల్చుకు తింటున్నావేంటి వదినా మమ్మల్ని, ఇంకొంచెం వెన్న రాయరాదా అన్నాడు."

"ఆ మాటే చెప్పు. ఎక్కు."

జీదెగుల్ వెనక్కి చూసింది. వాకిట్లో కుబాన్ నిలబడి ఉన్నాడు, చిన్నపిల్లని చంకనేసుకుని. పిలవలేదు, తిట్టలేదు. ఊరికే నిలబడ్డాడు.

ఆమె ఒక కాలు మెట్టుమీద పెట్టింది. జీదెగుల్ వంగి శాలువాని సీటుమీద పెట్టి, కాలు కిందికి దించుకుంది.

"ఇది నాకు తగదక్కా. వాడి కబురు తెచ్చినవాళ్లకివ్వు."

"ఆ కబురు తేవలసింది నువ్వేనే పిచ్చిదానా," అంది బురుల్‌కాన్. కోపంగా కాదు, అలసటగా. అప్పటికే జీదెగుల్ బురదలో అడుగులేసుకుంటూ వెళ్లిపోతోంది.

"ఇంకెవరైనా రావాలా?" అన్నాడు డ్రైవర్.

"ఎవరూ లేరు నాయనా. పోనీ."

వ్యాన్ కదిలింది. మలుపులో శాలువా జారి కిందపడితే తీసి దులిపింది, పెట్టెలో ఉన్నప్పటి మడతలమీదే మళ్లీ మడతపెట్టి ఒళ్లో ఉంచుకుంది. రేడియోలో ఎవరో కల్నల్ గొంతు అనుకరిస్తున్నారు, ఇంకెవరో విరగబడి నవ్వుతున్నారు. డ్రైవర్ కూడా నవ్వి, అద్దంలోంచి ఆమెను చూశాడు.

"వినండి పెద్దమ్మా, మీ జిల్లావాడి గురించే. దేశమంతా నవ్వుతోంది. మంచిరోజులొచ్చాయి."

"అది కట్టెయ్ నాయనా," అంది బురుల్‌కాన్. "నీకో మాట చెప్తా, విను. అక్కడ నేను చెబితే చెల్లదట."

అతను రేడియో కట్టేశాడు. ఖాళీ సీట్లు గతుకులకి ఊగుతుంటే, కుబాన్ ఇంటికి కప్పు వేసిన రోజునుంచి ఆమె చెప్పడం మొదలుపెట్టింది.